చీటీ మీద లేని ఖర్చు

తమిళనాడులో నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం అనే ఊరి దగ్గర ఒక ఆనకట్ట ఉంది. తిరుప్పూరుకు దిగువన, కరూరు వైపు పొలాలకు నీళ్లివ్వడానికి 1992లో కట్టారు. కొన్నేళ్లకే ఆ ఆయకట్టు రైతులు రోడ్డెక్కి, కోర్టుకెక్కారు. ఆనకట్ట కింద రైతులు నీళ్లు వదలమని అడగడం మనకు తెలుసు. వాళ్లు మాత్రం వదలొద్దని అడిగారు. ఎగువన తిరుప్పూరులో బనియన్లకూ టీషర్టులకూ రంగులద్దే యూనిట్ల నుంచి వచ్చిన ఉప్పునీళ్లు ఆ జలాశయంలో చేరాయి. తలుపులెత్తితే దిగువన పైర్లు మాడిపోయేవి, బావులు చెడిపోయేవి. సాగు కోసం కట్టిన ఆనకట్ట మురుగు తొట్టి అయిపోయింది.

ఆ టీషర్టులు అప్పటికి అమెరికాలో, ఐరోపాలో దుకాణాల అల్మారాల్లో ఉన్నాయి. వాటి ధర చీటీ మీద నూలు ఖరీదుంది, కుట్టు కూలి ఉంది, ఓడ కిరాయి ఉంది, దుకాణం లాభం ఉంది. కరూరు రైతు పోగొట్టుకున్న పంట మాత్రం లేదు. బట్టల పరిశ్రమ గురించీ చెప్పుల పరిశ్రమ గురించీ మాట్లాడేటప్పుడు ప్రభుత్వాలు ఎగుమతుల లెక్కలు, ఉద్యోగాల లెక్కలు చెబుతాయి. కంపెనీలు పచ్చని ఆకు బొమ్మ వేసిన నివేదికలు విడుదల చేస్తాయి. రెండూ అవసరమే కావచ్చు. అయితే చీటీ మీదకు ఎక్కని ఆ ఖర్చును ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న అడగనంత కాలం ఈ పరిశ్రమలో ఏ సమస్యా తీరదని నా నమ్మకం.

ఉప్పు కథ

నూలు బట్టకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలి. రియాక్టివ్ రంగులు నీళ్లలో కరిగి ఉంటాయి. వాటిని నీళ్లలోంచి పోగు మీదకు నెట్టడానికి తొట్టిలో సోడియం క్లోరైడో, సోడియం సల్ఫేటో దండిగా కలుపుతారు. రంగు పోగుకు అంటుకుంటుంది కానీ ఉప్పు అంటుకోదు. వేసిన ఉప్పంతా వాడిన నీళ్లతో పాటే బయటికి వచ్చేస్తుంది. రంగునూ, వాసననూ మామూలు శుద్ధి కేంద్రం కొంతవరకు తీసేయగలదు. కరిగిన ఉప్పును తీయలేదు. అందుకే తిరుప్పూరులో మొదట పెట్టిన శుద్ధి కేంద్రాలు నీళ్లను తేటగా కనిపించేలా చేశాయి కానీ, నదిని కాపాడలేకపోయాయి. ఆ తేట నీళ్లే పొలంలోకి పారి నేలను చవుడు చేశాయి.

రైతుల పోరాటం ఏళ్ల తరబడి సాగింది. మద్రాసు హైకోర్టు గడువులిచ్చింది, జరిమానాలు వేసింది. పరిశ్రమ మళ్లీ గడువులడిగింది. చివరకు 2011 జనవరిలో కోర్టు ఏడు వందలకు పైగా అద్దకం, బ్లీచింగ్ యూనిట్లను మూసేయమంది. కరెంటు తీసేశారు. ఊరు ఊరంతా కుదేలైంది. వేలాది మంది కూలీలు సొంతూళ్లకు వెళ్లిపోయారు. అద్దకం పని ఇతర పట్టణాలకు తరలిపోయింది, అంటే కొంత కాలుష్యం కూడా వాటి వెంటే వెళ్లింది.

తిరుప్పూరు మళ్లీ తెరుచుకున్నది ఒకే షరతు మీద: చుక్క నీరు కూడా బయటికి వదలకూడదు. వాడిన నీటిని సూక్ష్మజీవులతో శుద్ధి చేసి, రివర్స్ ఆస్మోసిస్ పొరల గుండా పంపి, మిగిలిన చిక్కటి ఉప్పు ద్రవాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి, ఉప్పును గట్టి రూపంలో తీస్తారు. నీళ్లలో తొంభై శాతానికి పైగా తిరిగి అద్దకానికే వస్తాయి. ఉప్పులోనూ చాలా భాగం తిరిగి వాడతారు. ఇంత పెద్ద ఎత్తున ఇలా చేస్తున్న దుస్తుల పట్టణం ప్రపంచంలో మరొకటి అరుదు. ఇది నిజంగా గర్వించదగిన విషయం. అయినా కథ సుఖాంతమైందని చెప్పలేం. మరిగించడానికి కట్టెలో బొగ్గో కావాలి, పంపులకు కరెంటు కావాలి. ఏ పనికీ రాని మిశ్రమ ఉప్పు శుద్ధి కేంద్రాల షెడ్లలో గుట్టలుగా పేరుకుపోతోంది. నదిని కాపాడిన పద్ధతి గాలి మీదా నేల మీదా మరో భారం మోపింది.

మరి ఈ ఖర్చంతా ఎవరిది? యూనిట్లు బ్యాంకు అప్పులు తెచ్చాయి, ప్రభుత్వం కొంత వడ్డీలేని రుణమిచ్చింది. బట్ట కొనే విదేశీ బయ్యర్లు నీళ్లు వదలని అద్దకాన్ని తమ నివేదికల్లో రాసుకున్నారు. దాని కోసం పీసుకు ఎక్కువ రేటు మాత్రం కట్టలేదు. కొటేషన్ అడిగేటప్పుడు తిరుప్పూరు పక్కన ఢాకానూ, హో చి మిన్ సిటీనీ పెట్టి చూస్తారు. అక్కడ ఉప్పును నదిలో వదిలే యూనిట్ కిలో అద్దకానికి తక్కువ చెబితే, పని అటు వెళ్తుంది. బాధ్యతగా ఉన్నవాడికి నష్టం, లేనివాడికి ఆర్డరు. ఈ ఏర్పాటును మార్చకుండా పర్యావరణ నియమాలను ఉత్పత్తిదారు మీద మాత్రమే బిగిస్తూ పోతే, కాలుష్యం ఒక నది నుంచి ఇంకో నదికి మకాం మారుస్తుంది, అంతే.

ఈ బిగింపులో 2025 ఆగస్టు మరో మలుపు. అమెరికా భారత వస్తువుల మీద మొదట 25 శాతం, ఆగస్టు 27 నుంచి మొత్తం 50 శాతం అదనపు సుంకం వేసింది. బంగ్లాదేశ్, వియత్నాంలకు అప్పుడు 20 శాతం. ఏటా సుమారు 40 వేల కోట్ల రూపాయల అల్లిక దుస్తులు ఎగుమతి చేసే తిరుప్పూరులో ఆర్డర్లు నిలిచిపోయాయి. వచ్చిన ఫోన్లలో మొదటి మాట, సుంకంలో మీరెంత భరిస్తారని. సుంకం రేటు రేపు తగ్గవచ్చు, ఎల్లుండి పెరగవచ్చు. ఎప్పుడు ఏ దెబ్బ తగిలినా అది కిందికే జారుతుందన్నది మాత్రం మారలేదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడూ ఇదే. అప్పటికే కుట్టేసిన బట్టలకు కూడా డబ్బు ఇవ్వబోమని పెద్ద పెద్ద బ్రాండ్లు చేతులెత్తేశాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే 300 కోట్ల డాలర్లకు పైబడిన ఆర్డర్లు రద్దవడమో ఆగిపోవడమో జరిగింది. ముడిసరుకు కొన్నది ఫ్యాక్టరీ, కూలి ఇవ్వాల్సింది ఫ్యాక్టరీ, సరుకు ఓడెక్కిన రెండు మూడు నెలలకు గానీ డబ్బు రాదు. అంటే చిన్న ఫ్యాక్టరీ పెద్ద బ్రాండుకు అప్పు పెడుతోంది.

ఆడిట్ చూసింది, గోడ చూడలేదు

2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం పోతుందన్నారు. అంతకు కొన్ని నెలల ముందు, 2012 సెప్టెంబరులో, కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా మరణించారు. ఆ ఫ్యాక్టరీకి కొన్ని వారాల ముందే అంతర్జాతీయ ధ్రువపత్రం దక్కింది. రానా ప్లాజాలోని కొన్ని ఫ్యాక్టరీల్లోనూ ఆడిట్లు జరిగాయి. ఆడిటర్లు రిజిస్టర్లు చూశారు, వయసు ధ్రువపత్రాలు చూశారు. భవనం నిలబడుతుందా లేదా అన్నది వాళ్ల జాబితాలో లేదు.

ఆ శిథిలాల తర్వాత వచ్చిన ఒప్పందం గురించి మన దగ్గర తగినంత చర్చ జరగలేదు. 2013 మేలో బ్రాండ్లు, అంతర్జాతీయ కార్మిక సంఘాలు కలిసి బంగ్లాదేశ్ ఫ్యాక్టరీల భద్రత కోసం ‘అకార్డ్’ మీద సంతకాలు చేశాయి. రెండు వందలకు పైగా బ్రాండ్లు చేరాయి. అంతకు ముందరి స్వచ్ఛంద నియమావళులకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇది చట్టబద్ధంగా కట్టి పడేసే ఒప్పందం. తనిఖీ నివేదికలు జనం చూసేలా బయటపెట్టాలి. మరమ్మతులకు డబ్బు దొరికేలా చూసే బాధ్యత బ్రాండుదే. మాట తప్పితే మధ్యవర్తిత్వానికి లాగవచ్చు. 2018లో ఒక బ్రాండు అలా 23 లక్షల డాలర్లకు రాజీ పడాల్సి వచ్చింది కూడా. పదహారు వందలకు పైగా ఫ్యాక్టరీల్లో మెట్ల దారులు, తలుపులు, కరెంటు తీగలు, స్తంభాలు బాగుపడ్డాయి. ఈ పరిశ్రమలో ఖర్చును పైకి, కొనేవాడి వైపు నెట్టిన ప్రయత్నాల్లో నాకు తెలిసి ఇంతకు మించి ఫలించింది లేదు. 2023 నుంచి పాకిస్తాన్‌లోనూ ఇది అమలవుతోంది. భారత్‌లో లేదు.

మనకు ఆ అవసరం లేదనుకోవడానికి వీల్లేదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో నడిపే దుస్తుల నగరం ఉంది. వేలాది మంది ఆడపిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి ఆ ఆవరణలోని ఫ్యాక్టరీల్లో కుడతారు. 2022 జూన్ 3న అందులోని ఒక ఫ్యాక్టరీలో విషవాయువు పీల్చి వంద మందికి పైగా మహిళలు వాంతులతో, కళ్లు తిరిగి ఆసుపత్రుల పాలయ్యారు. రెండు నెలలు తిరగకుండా ఆగస్టు 2న అదే ఫ్యాక్టరీలో అదే జరిగింది. మళ్లీ వంద మందికి పైనే. మొదటిసారి జరిగిన దాని మూలం తేల్చి, దాన్ని కార్మికులకు వాళ్ల భాషలో చెప్పి, వాళ్ల ఒప్పుదల మీద షిఫ్టు మొదలుపెట్టి ఉంటే రెండోది జరిగేదా? ప్రమాదం ఉందనిపిస్తే కూలి పోకుండా పని ఆపే హక్కు అకార్డ్‌లో రాసి ఉంది. లైను మధ్యలో కూర్చున్న అమ్మాయికి వాసన తేడాగా అనిపించిన మొదటి నిమిషంలోనే లేచి నిలబడే ధైర్యం రావాలంటే ఆ హక్కు కాగితం మీద ఉండాల్సిందే.

ఇలాంటిది మన దేశంలోనూ ఒకచోట సాధ్యమైంది. 2021 జనవరిలో తమిళనాడు దిండిగల్ ప్రాంతంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతిని ఆమె సూపర్‌వైజరే హత్య చేశాడు. ఆ తర్వాత దళిత మహిళలు నడిపే స్థానిక కార్మిక సంఘం పట్టుబట్టి, 2022లో యాజమాన్యంతోనూ అక్కడ కొనుగోలు చేసే విదేశీ బ్రాండ్లతోనూ దిండిగల్ ఒప్పందం చేయించింది. పని చేసేవాళ్ల లోంచే శిక్షణ పొందిన మహిళలు లైన్లను గమనిస్తారు, వేధింపు కనిపిస్తే రిపోర్టు చేస్తారు. యాజమాన్యం చర్య తీసుకోకపోతే బ్రాండు కొనుగోళ్లు తగ్గించాలి. ఏడాదికోసారి కోటు వేసుకుని వచ్చే ఆడిటర్ కంటే రోజూ పక్క మిషన్ మీద కూర్చునే మనిషికి ఎక్కువ తెలుస్తుందన్న చిన్న సత్యం మీద నిలబడిన ఏర్పాటిది.

చెప్పు విప్పితే

తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులో తైవాన్ మూలాలున్న అపాచీ సంస్థ 2006 నుంచి ఆడిడాస్ బూట్లు తయారు చేస్తోంది. అక్కడ పనిచేసే వేలాది మందిలో ఎక్కువ మంది మహిళలే. తమిళనాడు వైపు చెయ్యార్ దాకా ఇదొక బూట్ల పట్టీగా ఎదుగుతోంది. చైనా నుంచి తరలే పనిని ఈ రెండు రాష్ట్రాలూ పోటీపడి పట్టుకుంటున్నాయి. ఈ ఉద్యోగాల విలువను తక్కువ చేయలేను. సొంత జీతం చేతికొచ్చిన కూతురి మాటకు ఇంట్లో వచ్చే బరువు వేరు.

అయితే బూటు చొక్కా లాంటిది కాదు. ఒక పరుగు బూటును విప్పి లెక్కపెట్టిన ఎంఐటీ పరిశోధకులు 2013లో చెప్పినదాని ప్రకారం అందులో 65 భాగాలు, తయారీకి 360 దశలు. జత మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 కిలోలు. అందులో అధిక భాగం ముడిసరుకు వల్ల వచ్చింది కాదు, బొగ్గు కరెంటుతో నడిచే చిన్న చిన్న భాగాల తయారీ వల్ల వచ్చింది. రబ్బరు, ఫోము, పాలిస్టర్ జాలీ, జిగురు అన్నీ విడదీయరానంతగా అతుక్కుని ఉంటాయి. పాతబడితే చెత్తకుప్పే గతి.

తోలు బూట్ల చరిత్ర ఇంకా చేదుది. కుప్పం మీదుగా పారే మన పాలారు తమిళనాడులోకి దిగాక వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల చర్మ శుద్ధి కర్మాగారాల నీళ్లతో పాడైంది. ‘కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలి’ అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో భారత చట్టంలో భాగం చేసింది ఈ కర్మాగారాల మీద నడిచిన వెల్లూరు కేసులోనే. న్యాయ విద్యార్థులంతా ఆ తీర్పు చదువుతారు. మరి పాలారు? 2025 జనవరిలో అదే సుప్రీంకోర్టు అదే తోళ్ల పరిశ్రమ మీద, అదే నది మీద మళ్లీ తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. బాధితులకు పరిహారం ఇమ్మని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. సూత్రం పుస్తకంలోకి ఎక్కడానికీ నదిలోకి దిగడానికీ మధ్య దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి.

సర్కారు కూడా ఒక బయ్యరే

బ్రాండ్లను తప్పుపట్టేటప్పుడు మనం మరిచిపోయే పెద్ద కొనుగోలుదారు ఒకరున్నారు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచా కార్మికుల, చిన్న యజమానులైన ఆసాముల ఆత్మహత్యలతో ఆ ఊరి పేరు ఒకప్పుడు పేపర్లలో వచ్చేది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఏటా కోటి చీరల దాకా నేత. కూలి పెరిగింది, వలస వెళ్లినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. ఆ మేలును కాదనేవాళ్లు సిరిసిల్ల వెళ్లి సాంచాల మీద పనిచేసేవాళ్లను అడగాలి.

కానీ ఊరంతా ఒకే కొనుగోలుదారు మీద, ఒకే పండుగ మీద ఆధారపడింది. పండుగ ముందు రాత్రింబవళ్లు పని, పండుగయ్యాక ఖాళీ. ప్రభుత్వం మారి, ఆర్డరు ఆగి, రెండు వందల కోట్లకు పైబడి బకాయిలు మిగిలాక 2024 ఆరంభంలో సాంచాలు నిలిచిపోయాయి. ఆ ఏడాది మళ్లీ ఆత్మహత్యల వార్తలు చదివాం. 2025లో మహిళా సంఘాల సభ్యులకు ఇందిరమ్మ చీరల పేరుతో ఆర్డరు వచ్చింది, పని మళ్లీ నడిచింది. పథకం పేరు ఏదైనా, ఏ పార్టీదైనా, ఆలస్యంగా చెప్పి తొందరగా అడిగి, తీరుబడిగా చెల్లించే బయ్యర్‌తో నేతగాడు బతకలేడు. విదేశీ బ్రాండు చేస్తే దోపిడీ అంటాం. సొంత ప్రభుత్వం చేస్తే బడ్జెట్ ఇబ్బంది అంటాం. బడి యూనిఫారాలు, ఆసుపత్రి దుప్పట్లు, చీరలు అన్నీ కలిపి ఏడాది పొడవునా పంచి ముందే ఆర్డరు ఇచ్చి, సరుకు అందిన ముప్పై రోజుల్లో చెల్లిస్తే, మరో కొత్త పథకంతో పనిలేదు.

కనీస వేతనాల సంగతీ ఇలాంటిదే. 1948 చట్టం ప్రకారం ఐదేళ్లకు మించకుండా వాటిని సవరించాల్సి ఉండేది. మన రెండు రాష్ట్రాల్లో టైలరింగ్ కార్మికులకు ఆ సవరణ ఎన్నిసార్లు వాయిదా పడిందో కార్మిక సంఘాలకు తెలుసు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమల్లోకొచ్చాయి. వాటి మంచిచెడ్డలు తేలేది రాష్ట్రాలు రాసే నిబంధనల్లో, ప్రకటించే రేట్లలో.

ఇదే గొలుసు మొదటి కొసలో ఆదిలాబాద్ పత్తి రైతున్నాడు. అమెరికా సుంకం దెబ్బకు మిల్లులకు ఊరటగా కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి. 2025-26 సీజనులో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండేది. తేమ 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు తడిసిన పత్తిని ఆరబెట్టుకునే చోటు లేక రైతు ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకే ఇచ్చుకున్నాడు. మిల్లుకు ఊరట అవసరమే. ఆ ఊరటను ఖజానా భరించి ఉంటే ఒక లెక్క. పత్తి రైతు చేత భరింపజేయడం అన్యాయం.

ఐరోపా కొంత కదులుతోంది. అమ్ముడుపోని బట్టలనూ చెప్పులనూ పెద్ద కంపెనీలు ధ్వంసం చేయకూడదన్న నిషేధం 2026 జులై 19 నుంచి అమలు చేయాలని నిర్ణయించింది. ఫ్రాన్స్‌లో 2023 నుంచి బట్టలు, బూట్లు బాగుచేయించుకుంటే ఖర్చులో కొంత తగ్గింపు ఇస్తున్నారు. సరఫరా గొలుసులో జరిగే హక్కుల ఉల్లంఘనకు కొనుగోలు కంపెనీనే జవాబుదారీ చేసే చట్టాన్ని 2024లో తెచ్చి, కంపెనీల ఒత్తిడికి 2025లో వాయిదా వేశారు. ఆ వాయిదా మన కార్మికులకు నష్టమని భారత ప్రభుత్వం అనాలి. కానీ వాణిజ్య చర్చల్లో మనం ఇలాంటి చట్టాలను అడ్డుగోడలుగానే చూస్తున్నాం. ఫ్యాక్టరీకి సరైన రేటు, సకాలంలో చెల్లింపు కూడా ఆ చట్టాల్లో రాయమని పట్టుబట్టే దేశంగా మనం మారవచ్చు. తిరుప్పూరు నీటి లెక్కలు చేతిలో ఉన్న దేశానికి ఆ మాట అడిగే అర్హత ఉంది.

ఇప్పుడు వరంగల్ వంతు. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌కు 2017లో శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో దానికి చోటు దక్కింది. కొరియా సంస్థ యంగ్‌వన్, కేరళ సంస్థ కైటెక్స్ పెట్టుబడులు పెట్టాయి. గణేశా సంస్థ అక్కడ ప్లాస్టిక్ సీసాల నుంచి పాలిస్టర్ పోగు తీస్తోంది. పత్తి పండే నేల మీదే బట్ట తయారై, పొలాలిచ్చిన ఇళ్లలోని పిల్లలకు అక్కడే పని దొరకడం చాలా కాలంగా కోరుకున్నదే. అందుకే అడుగుతున్నాను. అద్దకం యూనిట్లకు అనుమతిచ్చే ముందే ఉప్పు ఎక్కడికి వెళ్తుందో, మిశ్రమ ఉప్పును ఎక్కడ దాస్తారో ఒప్పందంలో రాయించాలి. చుట్టుపక్కల చెరువుల్లో, బోర్లలో ఉప్పు ఎంతుందో ఇప్పుడే కొలిచి ఆ అంకెలను గ్రామ పంచాయతీలకు అందజేయాలి. పని మొదలయ్యాక తీసే కొలతను పోల్చి చూడటానికి పాత అంకె లేకపోతే, రేపు కోర్టులో అక్కడి షాయంపేట రైతు చూపించడానికి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.